మాచర్లలో చూసిన ఫిరెంజె

మొన్న శెట్టిగారి కొట్లో బెల్లం కట్టించుకుని ఇంటికొచ్చి పొట్లం విప్పితే, లోపలి కాగితం మీద ఒక బొమ్మ కనిపించింది. ఎప్పటి పేపరో, బెల్లం తడికి సగం చెరిగిపోయింది. అయినా ఒక ఏరూ, ఆ ఏటి మీద ఇళ్ళని మోస్తున్న వంతెనా, వెనకాల బోర్లించిన కాగులాంటి పెద్ద గోపురమూ తెలుస్తూనే ఉన్నాయి. పక్కింటి పిన్ని అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. నేను కాగితం పట్టుకుని పరుగున పోయి, "పిన్నీ, ఈ ఊరు నాకు తెలుసు. మా ఆయనా నేనూ పోయొచ్చాం" అన్నాను. ఆవిడ చేట ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "ఇది దొరల ఊరు గదంటే! ఏ ఓడెక్కి పోయావే?" అంది. "ఓడ కాదు పిన్నీ, గురజాలలో రైలెక్కాం" అన్నాను. ఆవిడ నవ్వుకి చేటలో జొన్నలు సగం కిందపడ్డాయి. అవి ఏరిపెడుతూ నేను చెప్పుకొచ్చిన కథే ఇది. ఆవిడకి చెప్పినప్పుడు మధ్యలో పిల్లాడు ఏడ్చాడు, పాలు పొంగాయి, సగం సగమే అయింది. అందుకని ఇప్పుడు కుదురుగా కూర్చుని మొత్తం చెబుతున్నాను.

నేను చదివింది మూడో తరగతి. సముద్రం చూడలేదు. గుంటూరు కూడా ఒక్కసారే చూశాను, అదీ కంటి డాక్టరు దగ్గరికి మా నాయనమ్మని తీసుకుపోతుంటే తోడు వెళ్ళి. అయినా ఇటలీ దేశంలో ఫ్లారెన్స్ అని ఇంగ్లీషువాళ్ళు పిలిచే ఊళ్ళో ఏ సందు తిరిగితే ఏం కనిపిస్తుందో చెప్పమంటే చెబుతాను. అక్కడివాళ్ళు దాన్ని ఫిరెంజె అంటారట. మా ఆయన కూడా అలాగే అంటాడు, చివర కొంచెం సాగదీసి. ఆయన యుద్ధంలో ఆ ఊరికి పోయాడు. పోయి వంతెన కట్టాడు. ఆ ముందు సంగతి కొంచెం చెప్పకపోతే మీకు తలాతోకా తెలియదు.

మా పుట్టిల్లు పెదకూరపాడు దగ్గర. అంతా నల్లరేగడి, వానపడితే కాలు దిగబడి చెప్పు ఊడొస్తుంది. అత్తగారి ఊరు గురజాల పక్కన. అక్కడ గునపం వేస్తే ఠంగుమంటుంది. ఇంటికి గోడ రాయి, కప్పు రాయి, చేనుకి కంచె రాయి, ఆఖరికి దూడ నీళ్ళు తాగే తొట్టి కూడా రాయే. మా ఆయన వాళ్ళది నాపరాయి కొట్టే ఇల్లు. నన్ను చేసుకున్న ఏడు పనుల్లేవు, వానల్లేవు. ఎవరో వచ్చి మిలిటరీలో వంతెనలు కట్టేదానికి రాయి పని, ఇనప్పని తెలిసినవాళ్ళు కావాలంటున్నారని చెబితే పోయి చేరాడు. అప్పటికి నేను కాపరానికి వచ్చి నాలుగైదు నెలలు. ఆ నాలుగైదు నెలల్లో నేను ఆయన ఎదుట తలెత్తి నిలబడింది లేదు. ఇంటినిండా మనుషులు. మామగారు దగ్గితే నేను తలుపు వెనక్కి పోవాలి. ఆయన అన్నం తిని లేచాక అదే కంచంలో నేను తినాలి. ఆయనకి నా గాజుల చప్పుడు తెలిసినంతగా నేను తెలియదు. నాకూ అంతే, ఆయన కాళ్ళు బాగా తెలుసు. కుడికాలి బొటనవేలి మీద రాయి పడి గోరు నల్లబడి ఉండేది. నాలుగేళ్ళపాటు మొగుణ్ణి తలుచుకోవాలంటే నేను ఆ గోరునే తలుచుకున్నాను. మీరు నవ్వినా సరే, నిజం అదే.

యుద్ధం అయిపోయిన మరుసటేడు సెలవు మీద వచ్చాడు. మనిషి ఒళ్ళు చేశాడు, మీసం పెంచాడు, మాట తగ్గించాడు. వచ్చినరోజు మా అత్త కాళ్ళకి నీళ్ళిచ్చి, "ఒరేయ్, యాడున్నావురా ఇన్నాళ్ళు?" అని అడిగింది. "చానా ఊళ్ళు తిరిగాం అమ్మా. ఎక్కువ దినాలు ఫిరెంజెలో" అన్నాడు. మా అత్త ముక్కు మీద వేలేసుకుంది. "ఫిరంగిపురమా! ఓరి నీ తెలివి తెల్లారా! ఫిరంగిపురంలో ఉండి నాలుగేళ్ళు ఇంటికి రాలేదంట్రా? పొద్దున రైలెక్కితే మధ్యాన్నానికి ఇంట్లో ఉందువే!" ఆయన కాదని చెప్పబోయాడు. ఆ ఊళ్ళో పెద్ద చర్చి ఉంటుందన్నాడు. "ఉంటది, నాకు తెలవదా" అంది. తెల్లవాళ్ళు ఉంటారన్నాడు. "తెల్ల ఫాదిరి గుర్రబ్బండి మీద పోతుంటే నేను చూశాలే" అంది. ఇంక ఆయన చెప్పడం మానుకున్నాడు. ఇప్పటికీ మా అత్త లెక్కలో యుద్ధం జరిగింది నరసరావుపేటకీ గుంటూరుకీ మధ్యనే.

సెలవు అయిపోతే మళ్ళీ రమ్మన్నారనీ, ఉంటే హవల్దారుని చేస్తామన్నారనీ ఇంట్లో తెలిసింది. ఇంక రోజూ అదే మాట. మామగారు, "పోరా, ఈ రాళ్ళల్లో ఏముంది, రాళ్ళే గదా ఉండేది" అనేవాడు. మా అత్తేమో కొడుక్కి పెట్టే ముద్దలో నెయ్యి రోజురోజుకీ పెంచుతూ పోయింది. నన్నెవరూ అడగలేదు. ఆయన కూడా అడగలేదు. నాకేమో పొయ్యి ఊదుతున్నా, చేద వేస్తున్నా, లోపల ఒకటే గోల: పోవద్దని చెప్పు, పోవద్దని చెప్పు. చెప్పడానికి నోరు రావాలిగా. అసలు ఆయన్ని ఏమని పిలవాలో కూడా నాకు అప్పటికి తెలియదు. ఊళ్ళో అందరితో వాగుడుకాయ అనిపించుకున్నదాన్ని, ఆయన ముందు మాత్రం నా నాలుక కూడా నాపరాయే.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆయన దొడ్లో పళ్ళు తోముకుంటూ, నేను పేడ ఎత్తుతుంటే, ఎటో చూస్తూ అన్నాడు. "ఏమే, ఎల్లుండి మాచర్ల పోదాం. సెలవు అయ్యేలోపల నీకు ఫిరెంజె చూపించాలి." మా అత్త లోపల్నుంచి విన్నది. "మాచర్ల ఎటు, ఫిరంగిపురం ఎటు! రైలు ఇటుదాన్ని అటు ఎక్కేవు" అని కేకేసింది. నాకు మాత్రం ఆ మాటలో ఒక్కటే వినపడింది, సెలవు అయ్యేలోపల అని. పోయేవాడు పోయేముందు పిల్లకి మిఠాయి కొనిపెట్టినట్టు నన్ను ఊరు తిప్పబోతున్నాడని అర్థం చేసుకున్నాను. అందుకని ఎల్లుండి పొద్దున పెళ్ళినాటి చీర కట్టుకుంటుంటే సంతోషం వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది.

రైల్లో ఆయన కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టాడు. రెంటచింతల దగ్గర ఎండ అప్పుడే పొయ్యి మీద పెనంలా ఉంది. చేలగట్ల మీద నిలబెట్టిన నాపరాళ్ళు చూపించి, "ఆ ఊళ్ళో వీధులన్నీ ఇట్టాంటి రాయే పరిచారు. ఏ సందైనా సరే. గుర్రాలు జారకుండా ఉలితో గీట్లు పెట్టారు. మా నాయన చేతిపనిలాగే ఉంది" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. ఎదుటి బల్ల మీది ముసలాయన, "ఏ ఊరు నాయనా?" అని అడిగాడు. మా ఆయన నావంక చూశాడు. మా ఇద్దరికీ మా అత్త గుర్తొచ్చింది. "ఫిరంగిపురం తాతా" అన్నాడు మొహం కదలకుండా. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా మొగుడికి వేళాకోళం కూడా వచ్చని ఆ రోజే తెలిసింది నాకు.

మాచర్లలో దిగాక మొదటి పేచీ నడక దగ్గర వచ్చింది. ఆయన పక్కన నడవమన్నాడు. నేను అలవాటు కొద్దీ రెండంగలు వెనక. ఆయన నాకోసం ఆగితే, ఎందుకాగాడోనని నేనూ ఆగాను. ఆయన వెనక్కి వస్తే నేను ఇంకా వెనక్కి పోయాను. స్టేషను ముందు జట్కావాడు ఇది చూసి, "అన్నా, అక్కకి ఇష్టంలేని ప్రయాణమా? పుట్టింటికి తోలమంటావా?" అన్నాడు. దాంతో సిగ్గేసి పక్కకి వచ్చాను. పక్కన నడిస్తే ఎవరైనా ఏమైనా అంటారని అనుకున్నాను గానీ, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద కష్టం.

నేరుగా చంద్రవంక దగ్గరికి తీసుకుపోయాడు. వాగులో నీళ్ళు చాలా తక్కువ, చాకలివాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. "ఇదే ఆ ఊరి ఏరనుకో. దీనికి పదింతలు వెడల్పు" అని మొదలుపెట్టాడు. మా ఆయనవాళ్ళు పోయేసరికి శత్రువులు పారిపోతూ ఏటి మీద వంతెనలన్నీ పేల్చేశారట. ఒక్క పాతదాన్ని మాత్రం వదిలారట. ఆ వంతెన మీద రెండు పక్కలా బంగారం కొట్లే అంట. నేను ఊరుకోలేక, "వరదొస్తే బంగారమంతా కొట్టకపోదా?" అన్నాను. ఆయన ఆగి, "ఇన్నాళ్ళుగా ఈ మాట నాకు తోచలా" అని నిజంగానే ఆలోచనలో పడ్డాడు. వీళ్ళ దండు అక్కడ ఇనప వంతెన వేసింది. ముక్కలు ముక్కలుగా తెచ్చి, భుజాల మీద మోసి, మరలు బిగించి. అది తెరిచినరోజు ఆయనకి పని లేదు. అవతలి ఒడ్డున బండ మీద కూర్చుని చూస్తుంటే జనంలో ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారట. నడివయసువాళ్ళు. యుద్ధానికి భయపడి తలదాచుకున్న కొండమీద పల్లె నుంచి నడిచి వచ్చారట, తమ ఊరు ఉందో పోయిందో చూసుకుందామని. ఆమె తలకి గుడ్డ కట్టుకుంది, ఆయన చేతిలో గంప. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇనప వంతెన మీద మెల్లిగా, పెళ్ళి పీటల మీదికి నడిచినట్టు నడిచి వచ్చారట.

"వాళ్ళ ఎనకాలే పోయా" అన్నాడు మా ఆయన. "ఎందుకు పోయానో నాకే తెలవదు. ఆ దినమంతా వాళ్ళెటు పోతే అటు పోయా. వాళ్ళు ఊరు చూసినట్టే నేను ఊరు చూశా. ఇయ్యాల నీకు చూపించేది అదే."

చూపించాడు కూడా. చెన్నకేశవస్వామి గుడికి తీసుకుపోయి, దణ్ణం పెట్టుకున్నాక ధ్వజస్తంభం దగ్గర నిలబెట్టి తల పైకెత్తమన్నాడు. వాళ్ళ పెద్ద గుడి గోపురం, కోటప్పకొండని నున్నగా చెక్కి పైన ఎర్రపెంకు పరిచినట్టు ఉంటుందట. గోడలకి తెల్లరాయి, పచ్చరాయి, గులాబిరంగు రాయి పక్కపక్కన అతికారట. చెబుతూ చెబుతూ గుడి గోడకి అరచెయ్యి ఆనించాడు. "ఆయమ్మ ఇట్టాగే చెయ్యి పెట్టింది. పెట్టి మొగుడితో ఏదో అన్నది. ఇది ఉంది, అని ఉంటది. ఇంకో గోడ కాడికి పోయి మళ్ళా చెయ్యి పెట్టి, ఇదీ ఉంది." నేను కూడా పెట్టాను. ఎండకి రాయి వెచ్చగా, ఆవు ఒంటిలాగా ఉంది. పూజారి మమ్మల్ని చూసి గోడ పడిపోతోందేమోనని తనూ వచ్చి చూసి పోయాడు. తర్వాత కంసాలి వీధి. అది బంగారం కొట్ల వంతెన అనుకోవాలి. నేను మధ్యలో ఆగి, నీళ్ళు చూస్తున్నట్టు కిందికి తొంగి చూశాను. ఆయన పెద్దగా నవ్వాడు. కంసాలాయన సుత్తి ఆపి, పారేసుకున్నదేంటో వెతకడానికి వంగాడు. వచ్చాక ఇన్నాళ్ళకి ఆయన నవ్వు విన్నాను. విన్న సంతోషం వెనకే ఇంకో మాట తోచింది. ఈ మనిషి ఇంక కొద్దిరోజులే ఉంటాడు, ఇప్పుడే పరిచయం అవుతున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. "ఆకలైతందా? వాళ్ళు అన్నం తిన్నట్టే మనమూ తిందాం. కష్టమైన పని ఇదే" అని ఒక వీధిలోకి తిప్పాడు. నాలుగు మెట్లు, ఒక రేకుల పంచ, దాని మీద కొత్తగా రాసిన బోర్డు. నాకు చదువు తక్కువ గదా, ఎక్కడ అక్షరాలు కనిపించినా కూడబలుక్కుని చదవడం ఒక పిచ్చి. మి... లి... ట... రీ. అంతే. తర్వాత మాట చదవడానికి నాకు ప్రాణం ఉంటేగా! పంచలో ఖాకీ నిక్కరు వేసుకున్న లావుపాటి మనిషి నిలబడి ఉన్నాడు, ఇంత మీసం. మా ఆయన బూట్లు చూడగానే మొహం వెలిగిపోయి, "రాండి రాండి! లోపల ఖాళీలున్నాయి, ఇయ్యాల ఎంతమందైనా రావొచ్చు!" అని కేకేశాడు.

ఇదా కష్టమైన పని! నాకు గుళ్ళూ గోపురాలూ చూపించి, నవ్వించి, చివరికి తీసుకొచ్చి ఇక్కడ నా కళ్ళముందే పేరు రాయించుకుంటాడా! ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను రెండు చేతులతో ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకున్నాను. పట్టపగలు, నడివీధిలో. నాలుక మీది రాయి ఎటు దొర్లిందో ఏమో, ఇంక ఆగలేదు.

"ఏమయ్యో, లోపలికి పోబాక! నీకు పుణ్యం ఉంటది, పోబాక. హవల్దారు పెళ్ళాన్ని కావాలని నేను అడిగానా? నాకొద్దు. రాయి కొట్టుకుని బతుకుదాం. నువ్వు కొట్టు, నేను మోస్తా. జొన్న సంగటి తిందాం, అది కూడా లేకపోతే పస్తుందాం. నాలుగేళ్ళు నీ కాలిగోరు తలుచుకుని బతికా, ఇంక నావల్ల కాదు! అంతగా పోవాలంటే నన్ను రైలెక్కించి పో, నేను చూస్తుండగా పోబాక!"

ఆయన నిలబడిపోయాడు. దారినపోయే వాళ్ళు కూడా నిలబడిపోయారు. ఖాకీ నిక్కరాయన కంగారుగా మెట్లు దిగొచ్చి, "అమ్మా, అమ్మా, అన్నం కాడ ఇంత ఏడుపెందుకమ్మా? నీసు తినకపోతే చెప్పు తల్లీ, ఇంట్లో పప్పుంది, తెప్పిస్తా" అన్నాడు. నేను ఏడుపు మధ్యలో, మిలిటరీలో పప్పు కూడా పెడతారా అనుకున్నాను. మా ఆయన బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ బోర్డు వంక చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. "ఏమే, కింద మాట కూడా చదువు. హోటలు అని ఉంది. మాంసం వండే హోటలుకి అట్టా పేరు పెట్టుకుంటారు. ఇక్కడ సిపాయిలూ లేరు, తుపాకులూ లేవు. కోడికూర ఉంటది." ఖాకీ నిక్కరాయన, "వేట మాంసం కూడా ఉంది తమ్ముడూ" అని అందించాడు.

ఆ సిగ్గు ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు రావు. కానీ అన్న మాటలు అన్నట్టే ఉన్నాయి. వీధి మొత్తం విన్నాక వాటిని వెనక్కి తీసుకోవడం ఎట్లా? ఆయన "పా, ముందు అన్నం తిందాం" అన్నాడు, అంతే. నేను మొహం తుడుచుకుని, నా మాటలకి బదులు కోసం చూస్తూనే మెట్లెక్కాను.

లోపల ఇంకో గొడవ. బల్లలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి, తినేవాళ్ళు గోడకి మొహం పెట్టి తినాలి. ఆ ఖాకీ నిక్కరు హోటలాయన, ఆడవాళ్ళకి వెనక గదిలో చాప వేయిస్తానన్నాడు. మా ఆయన వినలేదు. బల్లని చేత్తో ఎత్తి నడిమికి లాగి, అటొక పీట, ఇటొక పీట వేశాడు. "ఎదురెదురుగా కూకుంటే వడ్డించేవాడు యాడ నిలబడాలయ్యా?" అని హోటలాయన గింజుకున్నాడు. "ఒక్క పూటే అన్నా" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఏముందో, హోటలాయన తన భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి, తనే వడ్డించడానికి వచ్చాడు.

వరన్నం. మా ఇళ్ళల్లో పండక్కో, జబ్బుచేస్తేనో తప్ప తెల్లన్నం ఉండేది కాదు. దాని మీద కోడికూర, మసాలా వాసనకే కళ్ళు చెమర్చాయి. కానీ మొగుడి ఎదుట కూర్చుని ఎలా నమలాలి? నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన తియ్యమన్నాడు. నేను ఒక్కొక్క మెతుకూ పిట్టలాగా తింటుంటే, "ఆయమ్మ అట్టా తినలా" అన్నాడు. వంతెన దాటిన దంపతులు చివరికి ఒక చిన్న హోటలు ముందు, వీధి రాళ్ళ మీద వేసిన బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారట. యుద్ధంలో తిండి ఎక్కడుంది, ఒక రొట్టె, ఏదో చారు. అయినా ఆమె నోటినిండా పెట్టుకుని, మాట్లాడుతూ, నవ్వుతూ, మూతి తుడుచుకుంటూ తిన్నదట. ఆమె మొగుడు తినడం ఆపి ఆమె మొహమే చూస్తున్నాడట. ఇంతలో మా దగ్గరికి హోటలాయన ఇంకో గరిటె అన్నంతో వచ్చాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అలవాటు కొద్దీ, "బస్తా, బస్తా!" అన్నాడు. హోటలాయన గుడ్లు తేలేశాడు. "బస్తానా! ఈ కంట్రోలు రోజుల్లో మనిషికి బస్తా బియ్యం యాడ తెచ్చేది తమ్ముడూ!" ఆ దేశంలో బస్తా అంటే ఇంక చాలని అర్థమట. తెలియక మొదట్లో ఒక ముసలమ్మ వడ్డిస్తూ "బస్తా?" అని అడిగితే, అంత తినలేనమ్మా అని ఈయన తెలుగులో మొత్తుకున్నాడట.

నాకు నవ్వాగలేదు. నోట్లో ముద్ద ఉంది. పొలమారింది. కళ్ళలో నీళ్ళు, ముక్కులో కారం. ఆయన గబుక్కున లేచి, బల్ల మీదుగా చెయ్యి చాచి, ఎడమచేత్తో నా నడినెత్తి మీద తట్టాడు, మా అమ్మ తట్టినట్టు. నీళ్ళ చెంబు ఇచ్చి, "ఎవరో తలుచుకుంటన్నారు నిన్ను" అన్నాడు. నేను దగ్గు ఆగాక, ఎలాగూ పోయిన సిగ్గే గదా అని, "నన్ను తలుచుకునేవాళ్ళెవరు? ఉన్న ఒక్కడివీ ఎదురుగానే ఉంటివి. నువ్వక్కడున్న నాలుగేళ్ళు నాకు ఒక్కసారన్నా పొలమారలా" అన్నాను.

ఆయన కూర్చున్నాడు. కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపాడు. "తలుచుకుందామనే చూశా" అన్నాడు చివరికి. "ఆ బల్ల కాడ ఆయన పెళ్ళాం మొహం చూస్తుంటే, నాకూ పెళ్ళాం ఉంది గదా అని నీ మొహం తలుచుకోబోయా. రాలా. గాజులు వినపడ్డయ్, చీర కొంగు కనపడింది. మొహం రాలా. ఎంత గింజుకున్నా రాలా. బాంబులు పడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యలా నాకు. పోయేలోపల ఒక్కసారి వెలుతురులో ఎదురుగా కూకోబెట్టుకుని, నువ్వు తింటంటే చూసి, ఆ మొహం మోసకపోదామని తెచ్చా నిన్ను."

నేను తలెత్తాను. కొంగు ఎక్కడుందో కూడా చూసుకోలేదు. మూతికి కూర అంటుకునే ఉంటుంది. ఆయన చూస్తున్నాడు. నేనూ చూశాను. ఆయన కళ్ళు తేనెరంగులో ఉంటాయని అప్పుడే తెలిసింది. "చూశావా?" అన్నాను. "చూశా." "ఇంక మోసకపోతావా?" హోటలాయన పక్కనే గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు, కదలడం లేదు. మా ఆయన గుక్కెడు నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టాడు. "యాడికి మోసకపోవాలే. ఆ వీధి మెట్ల మీద నువ్వు ఏడుస్తుంటేనే అనుకున్నా. మిలిటరీ కూడా బస్తానే" అన్నాడు. హోటలాయన ఆ మాట ఈసారి సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే నా కంచంలో కోడి కాలు వేసి, గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కూర కారానికి అని ఆయన అన్నాడు గానీ, ఆయన తిన్నది ఎక్కడ?

ఇంటికొచ్చేసరికి మా అత్త దీపం పెడుతోంది. నా మొహం చూసి, "చూశావా ఫిరంగిపురం?" అంది. చూశానన్నాను. "బాగుందా?" "చానా బాగుంది అత్తా." కొడుకు కాళ్ళు కడుక్కుంటూ, తను ఇంక పోవడం లేదని రెండు ముక్కల్లో చెప్పాడు. మామగారు దగ్గాడు. మా అత్త దీపం వత్తి ఎగదోసి లోపలికి పోయింది. మరునాడు మధ్యాహ్నం చూద్దును గదా, వంటింట్లో రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టి ఉన్నాయి. నేను గుమ్మంలో ఆగిపోతే, "నిలబడ్డావేమే? ఇద్దరూ ఒకమాటే తింటే నాకు గిన్నెలు తొందరగా తెములుతయ్" అని కసిరింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ అలా కసురుతూనే వస్తుంది. ఆ తర్వాత ఆయన ఒకసారి మిలిటరీకి పోయి అక్కడి పని ముగించుకుని వచ్చేశాడు. మేమిద్దరం మాచర్ల చేరాం, రాయి పని ఇక్కడే ఎక్కువ గనక. హవల్దారు జీతం లేదు. కొన్ని నెలలు గట్టిగానే గడిచాయి. నేనన్నట్టే మోశాను కూడా, పిల్లాడు కడుపున పడేదాకా.

ఆ దంపతులెవరో, వాళ్ళ పేర్లేమిటో మాకు తెలియదు. తమకి తెలియకుండానే వాళ్ళు మాకు పెళ్ళి పెద్దలయ్యారు. కార్తీకంలో దీపం పెట్టేటప్పుడు వాళ్ళ పేరున కూడా ఒక వత్తి వేస్తాను, దేవుడికి వాళ్ళెవరో తెలుసుగా. ఇప్పుడు మా ఆయన, కళ్ళు మూసుకుని కూడా నీ మొహం చెప్పగలనంటాడు, ఎడమ చెంప మీది మచ్చతో సహా. ఆ మచ్చ నిరుడు నూనె చిట్లి పడింది. అంటే ఇంకా చూస్తూనే ఉన్నాడన్నమాట. మా దగ్గర్నుంచి నాలుగేళ్ళు ఒక్కసారే ఎత్తుకుపోయిన కాలం, ఆ రోజు నుంచి పూటకి కొంచెం చొప్పున తెచ్చి ఇస్తూనే ఉంది, తీసుకోవడానికి మేమిద్దరం ఇంట్లోనే ఉంటున్నాం.